ఒకసారి పోసిన తట్టు మళ్లీ ఎందుకు పోయదు? గుట్టు విప్పుతున్న చిట్టి ఆర్‌ఎన్‌ఏ

యాదగిరిగుట్ట: ఇక్కడి లక్ష్మీనరసింహస్వామిని ఈ ప్రాంతంవారు వైద్య నరసింహుడని కూడా పిలుచుకుంటారు. దీర్ఘవ్యాధులతో బాధపడేవారు నలభై రోజులు కొండ దగ్గరే ఉండి ప్రదక్షిణలు చేయడం ఎంతోకాలంగా వస్తున్న ఆచారం. అందువల్లనే కాబోలు, జబ్బుల ముచ్చట్లు ఈ ఊళ్లో మిగతా ఊళ్లకన్నా కాస్త ఎక్కువగానే సాగుతుంటాయి. "తట్టు ఒక్కసారి పోస్తే మళ్లీ పోయదు" అన్నది మన పెద్దవాళ్లందరికీ తెలిసిన మాట. అయితే ఎందుకు పోయదన్న ప్రశ్నకు జవాబు మాత్రం చాలాకాలం వరకు దొరకలేదు. ఆ జవాబు ఇప్పుడిప్పుడే ముక్కలు ముక్కలుగా బయటపడుతోంది. అందులో ఒక ముఖ్యమైన ముక్కను పట్టుకున్నది హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్న శాస్త్రజ్ఞుడు కావడం విశేషం.

ఇది కేవలం చదువుకున్నవారి ముచ్చట కాదు. కరోనా వచ్చిన 2020 నుంచి "వ్యాధి నిరోధక శక్తిని పెంచుతాం" అంటూ పొడులు, లేహ్యాలు, టానిక్కులు ఊరూరి అంగడికీ చేరాయి. కూలి డబ్బులు పోసి కొన్నవారు ఎందరో ఉన్నారు. నిరోధక శక్తి అనేది సీసాలో నూనె లాంటిదనీ, ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిదనీ ఆ అమ్మకాల వెనుక ఉన్న లెక్క. శాస్త్రజ్ఞులు కనుగొన్న సంగతి దీనికి భిన్నంగా ఉంది.

అరవై అయిదేళ్ల జ్ఞాపకం

మొహం నిండా స్ఫోటకపు మచ్చలున్న వృద్ధులు మన పల్లెల్లో అక్కడక్కడా ఇప్పటికీ కనిపిస్తారు. మశూచికం మన దేశంలో చివరిసారిగా కనిపించింది 1975లో. ఆ జబ్బు వచ్చి బతికి బయటపడ్డవారికి అది మళ్లీ సోకదన్న సంగతి లోకమంతటా తెలిసినదే. కానీ ఆ రక్షణ ఎన్నేళ్లు నిలుస్తుందన్న లెక్క మొదటిసారి గట్టిగా తేలింది తట్టు విషయంలో.

ఐరోపా ఖండానికి ఉత్తరాన సముద్రం మధ్యలో ఫారో దీవులని ఉన్నాయి. అక్కడ 1781లో తట్టు వచ్చి పోయింది. ఆ తర్వాత 65 ఏళ్లపాటు ఆ దీవుల్లో తట్టు జాడే లేదు. 1846లో ఒక ఓడమీద మళ్లీ వచ్చింది. సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందికి సోకింది. డెన్మార్కు ప్రభుత్వం పీటర్ పానుమ్ అనే పాతికేళ్ల యువ వైద్యుణ్ణి అక్కడికి పంపింది. ఆయన ఇల్లిల్లూ తిరిగి విచారించి ఒక సంగతి రాసిపెట్టారు. 1781లో చిన్నతనంలో తట్టు పోసిన ముసలివాళ్లు అనేకమంది ఇంకా బతికే ఉన్నారు. వారిలో ఒక్కరికి కూడా ఈసారి సోకలేదు.

అంటే 65 ఏళ్లపాటు వారి ఒళ్లు ఆ జబ్బును గుర్తుపెట్టుకుంది. మధ్యలో గుర్తుచేసేందుకు ఒక్కసారైనా అది రాకపోయినా! మనిషి మరిచిపోయాడేమో కాని, ఒళ్లు మరిచిపోలేదు.

ఈ జ్ఞాపకం ఉండేది మెదడులో కాదు, నెత్తురులో. నెత్తురులోని తెల్ల కణాల్లో 'టి' కణాలని ఒక జాతి ఉంది. ఇవి ఎముకల లోపలి మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ అనే చిన్న గ్రంథిలో తర్ఫీదు పొంది ఒళ్లంతా తిరుగుతుంటాయి. ఒక్కో కణం ఒక్కో శత్రువును మాత్రమే గుర్తుపట్టగలదు. తట్టును పట్టే కణం జలుబును పట్టదు. తాను గుర్తుపట్టే వైరస్ ఒంట్లో దూరినప్పుడు ఆ కణం చీలి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అలా కొద్దిరోజుల్లోనే లక్షల సైన్యం తయారవుతుంది.

ఈ సైన్యం ఎంత పెద్దదో 1998లో ఎలుకల మీద లెక్కగట్టారు. ఆ పరిశోధన చేసినది కాజా మురళీకృష్ణ, రఫీ అహ్మద్ తదితరులు. వైరస్ ఎక్కించిన ఎనిమిదో రోజుకు ఎలుక ప్లీహంలోని చంపే రకం 'టి' కణాల్లో సగానికి పైగా ఆ ఒక్క వైరస్ మీద గురిపెట్టినవేనని తేలింది. వైరస్ చచ్చిపోగానే ఆ సైన్యానికి పని ఉండదు. నూటికి 90 నుంచి 95 కణాలు చచ్చిపోతాయి. మిగిలిన అయిదో పదో ఏళ్ల తరబడి బతుకుతాయి. వీటినే జ్ఞాపక కణాలంటారు. అదే వైరస్ మళ్లీ వస్తే, జ్వరం అంటుకోకముందే అణిచివేసేది ఇవే. టీకా వేసేదీ వీటికోసమే.

ఇల్లు చేరిన ధాన్యంలో మేలైన గింజలు ఏరి విత్తనానికి వేరుగా గరిసెలో దాచే రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. అయితే రైతుకు కళ్లున్నాయి, అనుభవం ఉంది. మరి ఒంట్లో ఏ గింజ తిండికి, ఏ గింజ విత్తనానికి అని ఎవరు నిర్ణయిస్తారు?

పురుగులో దొరికిన నీరటి

ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ అనుకోని చోట, ఒక పురుగులో మొదలైంది. మట్టిలో బతికే ఆ పురుగు పొడవు ఒక్క మిల్లీమీటరు. దాని పిల్ల పెద్దదయ్యే తీరును పరిశీలిస్తున్న అమెరికా శాస్త్రజ్ఞులు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ 1993లో ఒక విచిత్రమైన పదార్థాన్ని కనుగొన్నారు. అది చాలా చిన్న ఆర్‌ఎన్‌ఏ. దానిలోని అక్షరాలు 22 మాత్రమే.

ఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకోవాలి. ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ అనే అసలు దస్తావేజు ఉంటుంది. అసలు కాగితాన్ని ఎవరూ పొలానికి తీసుకుపోరు. పెట్టెలో భద్రంగా పెట్టి, పనికి నకలు తీస్తారు. ఆ నకలే ఆర్‌ఎన్‌ఏ. నకలులో రాసినదాన్ని చదివి కణం మాంసకృత్తులను తయారుచేస్తుంది. కణం చేసే పనులన్నీ ఆ మాంసకృత్తులవల్ల జరిగేవే. ఇంతవరకు అందరికీ తెలిసిన కథ.

ఆంబ్రోస్, రవ్‌కున్ కనుగొన్న చిట్టి ఆర్‌ఎన్‌ఏ అలాంటి నకలు కాదు. దాన్ని చదివి చేసేదేమీ లేదు. అది వెళ్లి వేరొక నకలు మీద అతుక్కుని కూర్చుంటుంది. దాంతో ఆ నకలును చదవడం ఆగిపోతుంది, లేదా అది చినిగిపోతుంది. మన చెరువుల కింద నీరటి చేసే పని ఇలాంటిదే. నీరటి నీళ్లను పుట్టించడు, పంటను పండించడు. తూము ఎత్తుతాడు, దించుతాడు. అయినా ఆయన వేళకు రాకపోతే ఒకరి పొలం మునుగుతుంది, మరొకరిది ఎండుతుంది.

మొదట్లో ఈ సంగతిని ఎక్కువమంది పట్టించుకోలేదు. పురుగులో ఉంటే ఉండనీ, మనకేమిటన్నారు. 2000లో రవ్‌కున్ బృందమే మరొక చిట్టి ఆర్‌ఎన్‌ఏను కనుగొని, అదే పదార్థం మనిషితో సహా ఎన్నో జంతువుల్లో ఉందని చూపించడంతో లోకం కళ్లు తెరిచింది. ఇప్పటికి మనిషి కణాల్లో వెయ్యికి పైగా చిట్టి ఆర్‌ఎన్‌ఏలు ఉన్నట్టు తెలిసింది. వీటికే మైక్రో ఆర్‌ఎన్‌ఏలని పేరు. ఆ ఇద్దరికీ 2024లో నోబెల్ బహుమతి లభించింది. పురుగును చూసి నవ్వినవారు అప్పటికే అదే పనిలో దిగి ఉన్నారు!

నెత్తురు కణాల మీద వీటి అజమాయిషీ ఎంతో 2004లో మొదటిసారి తేలింది. ఎలుక మూలుగ కణాల్లో 'మిర్ 181' అనే చిట్టి ఆర్‌ఎన్‌ఏను పెంచి చూస్తే, విరుగుడు పదార్థాలను తయారుచేసే 'బి' కణాలు ఎక్కువగా పుట్టాయి. ఒకే మూలుగలో పుట్టే కణాలు ఏవి ఏ జాతిగా మారాలన్నది ఈ నీరటుల చేతిలో ఉందని అప్పుడు అర్థమయింది.

ఉస్మానియా పట్టభద్రుడి పరిశోధన

రఫీ అహ్మద్ 1948లో హైదరాబాదులో జన్మించారు. 1968లో ఉస్మానియాలో బి.యస్సీ. పూర్తిచేసి అమెరికా వెళ్లారు. 1981లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత అట్లాంటా నగరంలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో టీకాల కేంద్రానికి అధిపతి అయ్యారు. జ్ఞాపక కణాలే ఆయన జీవితకాలపు పరిశోధన.

ఆయన బృందం 2012లో ప్రచురించిన పరిశోధన మన ప్రశ్నకు సూటిగా సంబంధించినది. 'మిర్ 17-92' అనేది ఆరు చిట్టి ఆర్‌ఎన్‌ఏల జట్టు. వైరస్ సోకిన ఎలుకల్లో చంపే 'టి' కణాలను రోజురోజూ పరిశీలించగా, యుద్ధం మొదలయ్యే తొలి రోజుల్లో ఈ జట్టు బాగా పెరుగుతోంది. కణాలు చకచకా చీలి సైన్యం కావడానికి ఇది తోడ్పడుతోంది. వైరస్ పోయి, జ్ఞాపక కణాలు తయారయ్యే వేళకు జట్టు తగ్గిపోతోంది.

ఇది యాదృచ్ఛికమా, కారణమా? తేల్చుకోవడానికి రెండు పనులు చేశారు. కొన్ని ఎలుకల 'టి' కణాల్లో ఈ జట్టును తీసేశారు. సైన్యం సరిగా పెరగలేదు గాని, ఉన్న కణాల్లో జ్ఞాపక లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. మరికొన్నింటిలో జట్టు తగ్గకుండా, ఎప్పుడూ ఎక్కువగానే ఉండేలా చేశారు. ఆ కణాలు యోధులుగానే మిగిలి, చివరికి నశించే బాట పట్టాయి. జ్ఞాపకానికి నిలిచినవి తగ్గిపోయాయి.

గమనించవలసిన సంగతి ఇదే. ఎప్పుడూ యుద్ధావేశంతో ఉన్న ఒంటికి జ్ఞాపకం నిలవదు. తూము ఎత్తడం ఎంత ముఖ్యమో, వేళకు దించడమూ అంతే ముఖ్యం. తూము ఎత్తి మరిచిపోయిన నీరటి ఊరికి ఉపకారం చేసినట్టు కాదు గదా.

ఎలుకల్లో జరిగినది మనుషుల్లో జరుగుతుందా అని అడగడం న్యాయమే. యుద్ధం చేసి అలసిన కణాలే విత్తనంగా మిగులుతాయా, లేక విత్తనపు కణాలు మొదటినుంచీ వేరుగా ఉంటాయా అన్నది చాలాకాలం వాదనలో ఉన్న విషయం. మనుషుల సంగతిని రఫీ అహ్మద్ బృందమే కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులతో కలిసి పరిశీలించి 2017లో ప్రచురించింది. ఆ వ్యాసానికి మొదటి పేరు రమా ఆకొండి. మూడో పేరు శ్రీలత ఎడుపుగంటి. ఈ ఇంటిపేర్ల గురించి తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

పసుపు జ్వరపు టీకా వేయించుకున్న వాలంటీర్ల చేత వారు కొద్దికొద్దిగా భారజలం తాగించారు. భారజలం చూడటానికి మామూలు నీళ్లలాగే ఉంటుంది కాని కాస్త బరువు ఎక్కువ. అణు విద్యుత్ కేంద్రాలకు వాడే ఈ నీళ్లను మన రాష్ట్రంలో మణుగూరు దగ్గర కూడా తయారుచేస్తారు. భారజలం తాగిన రోజుల్లో పుట్టిన కణాల్లో ఆ బరువు గుర్తుగా మిగిలిపోతుంది, ఎడ్ల మీద వేసే వాతల్లాగా. కణం మళ్లీ చీలితే గుర్తు సగమవుతుంది. చీలకపోతే అలాగే ఉంటుంది.

ఏడాది గడిచాక చూస్తే ఆ గుర్తు జ్ఞాపక కణాల్లో చెక్కుచెదరకుండా ఉంది. అంటే మొదటి రెండు వారాల్లో వేగంగా చీలి యుద్ధం చేసిన కణాల్లోనుంచే ఇవి మిగిలాయి. ఆపైన ప్రశాంతంగా ఉండిపోయాయి. అవి చీలడం ఏడాదికి ఒక్కసారికన్నా తక్కువ. రెట్టింపు కావడానికి 450 రోజులకు పైగా పడుతుందని లెక్కగట్టారు. ఫారో దీవుల ముసలివాళ్ల నెత్తురులో 65 ఏళ్లు కాపలా కాసినవి ఇలాంటి కణాలే.

ఎక్కువైతే ఏమవుతుంది?

ఇప్పుడు పొడులు, లేహ్యాల సంగతికి వద్దాం. 'మిర్ 17-92' జట్టు విపరీతంగా పెరిగితే ఏమవుతుందో శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. గ్రంథులకు వచ్చే ఒక రకం క్యాన్సర్‌లో ఈ జట్టు ఎక్కువగా ఉందని 2005లోనే కనుగొన్నారు. 2008లో ఎలుకల తెల్ల కణాల్లో దీన్ని పెంచి చూస్తే కణాలు అదుపు తప్పి పెరగడమే కాక, సొంత ఒంటి మీదనే దాడికి దిగాయి. అలాగని లేకుండా చేస్తే మేలా అంటే అదీ కాదు. అదే ఏడాది జట్టును పూర్తిగా తీసేసిన ఎలుక పిల్లలు ఊపిరితిత్తులు ఎదగక పుట్టగానే చనిపోయాయి. వాటిలో 'బి' కణాలు కూడా సగంలోనే ఆగిపోయాయి. మనుషుల్లో ఈ జట్టు తాలూకు రెండు ప్రతుల్లో ఒకటి లోపిస్తే వేళ్లు పొట్టిగా, తల చిన్నదిగా ఉండే జబ్బు వస్తుందని 2011లో తేలింది.

నిరోధక శక్తి ఎక్కువై బాధపడేవారు మన ఊళ్లలోనూ ఉన్నారు. పొద్దున లేవగానే చేతివేళ్లు పట్టేసి, కీళ్లు వాచి, వంకర తిరిగిపోయే కీళ్లవాతం ఆ కోవలోనిదే. ఒంటిని కాపాడవలసిన కణాలు కీళ్లను శత్రువనుకుని తినేస్తుంటాయి. ఆ జబ్బుకు డాక్టర్లు వారానికి ఒకసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర ఆ కణాల దూకుడును తగ్గించేదే గాని పెంచేది కాదు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన బృందం 1940లలో తయారుచేసిన మందు ఇది. అలాంటి రోగి "శక్తి పెంచే" పొడి తెచ్చుకుని వాడితే దుకాణదారుకు తప్ప మరెవరికీ లాభం లేదు.

చిట్టి ఆర్‌ఎన్‌ఏనే మందుగా ఇవ్వకూడదా అన్న ఆలోచన రాకపోలేదు. 'మిర్ 34' అనే దానికి నకలు తయారుచేసి క్యాన్సర్ రోగులకు ఎక్కించి చూశారు. కొందరిలో నిరోధక వ్యవస్థ ప్రమాదకరంగా చెలరేగడంతో 2016లో ఆ ప్రయోగాన్ని ఆపివేశారు. ఒక నీరటి ఒక్క తూమునే చూడడు, వందల తూములు ఆయన చేతిలో ఉంటాయి. ఒకటి దించబోతే మరేదో పొంగుతుంది. కనుక ఎవరైనా ఆర్‌ఎన్‌ఏ పేరు చెప్పి బలం మందు అమ్మజూపితే కొనకపోవడమే మంచిది.

తట్టు చేసే దొంగతనం

తట్టు గురించి ఇంకొక సంగతి ఉంది. ఇది పానుమ్ డాక్టరుకు తెలియదు. తట్టు తనను మాత్రం జీవితాంతం గుర్తుంచుకునేలా చేస్తుంది గాని, మిగతా జబ్బుల జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. తట్టు వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే తలుపు జ్ఞాపక కణాల మీద ఉంటుంది. అందుకని అది ముందుగా వాటినే చంపుతుంది.

నెదర్లాండ్స్ దేశంలో టీకా వేయించుకోని 77 మంది పిల్లల నెత్తురును తట్టు రాకముందు ఒకసారి, వచ్చి తగ్గాక ఒకసారి పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. అంతకుముందు వచ్చిన జబ్బులకు ఒంట్లో తయారై ఉన్న విరుగుడు పదార్థాల్లో నూటికి 11 నుంచి 73 పాళ్లు మాయమయ్యాయి. అంటే గరిసెలో దాచిన విత్తనాలన్నీ పందికొక్కులు తిన్నట్టే. తట్టు తగ్గిన తర్వాత కూడా నెలల తరబడి పిల్లలు విరేచనాలతో, నిమ్ముతో మంచం పట్టడానికి కారణం ఇదేనని ఇప్పుడు అర్థమవుతోంది. "అమ్మవారు ఒకసారి పోసి పోతేనే మంచిది, ఒళ్లు గట్టిపడుతుంది" అనేవారు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆ మాట నిజం కాదు. టీకా మాత్రం తట్టును గుర్తుపెట్టిస్తుంది, పాత జ్ఞాపకాల జోలికి పోదు.

ప్రభుత్వ టీకాల పట్టిక ప్రకారం తట్టు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎంఆర్ సూది మొదటిది బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక, రెండవది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. మొదటి సూది నూటికి సుమారు 85 మంది పిల్లల్లోనే పట్టుకుంటుంది. మిగిలిన 15 మంది ఎవరో పైకి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. రెండో సూది ముఖ్యంగా వారికోసం. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం వంటి అయిదింటికి ఇచ్చే సూది సంగతి వేరు. అది ఆరు, పది, పద్నాలుగు వారాలకు, నెల నెల ఎడంతో వేస్తారు. మూడూ ఒకేసారి వేసేస్తే పోతుంది గదా, ఇన్నిసార్లు పిల్లలను ఏడిపించడం ఎందుకని తల్లులు అడుగుతుంటారు. మొదటి సూదితో పుట్టిన సైన్యం యుద్ధం ముగించి, చల్లబడి, విత్తనంగా నిలవడానికి వారాల వ్యవధి కావాలి. తూము దిగనిదే తర్వాతి తడికి అర్థం లేదు.

వలస పోయి వచ్చినందువల్లనో, బిడ్డకు జ్వరం తగిలినందువల్లనో ఒక సూది తప్పిపోతే మళ్లీ మొదటినుంచి వేయించనక్కరలేదు. ఎక్కడ ఆగిందో అక్కడినుంచి వేస్తారు. ఎంఆర్ సూదిని అయిదేళ్లలోపు ఎప్పుడైనా వేయించవచ్చు. ఊళ్లలో ఏఎన్ఎంలు టీకాలు వేసే రోజులు బుధ, శనివారాలు. టీకా కార్డు పోయినా ఫరవాలేదు, వారి రిజిస్టరులో బిడ్డ పేరు ఉంటుంది.